రెండు డబ్బాలు, ఒకే గొంతు: తక్కువ బడ్జెట్‌లో పాత హై-ఎండ్ స్పీకర్లు కొనడం ఎలా

ముందుగా ఘంటసాల పాట ఒకటి ఫోన్‌లో దింపి పెట్టుకోండి. స్టీరియోగా మార్చి వదిలిన కొత్త వెర్షన్ వద్దు, పాత మోనో రికార్డింగే కావాలి. పాత స్పీకర్లు చూడ్డానికి వెళ్లేటప్పుడు జేబులో మల్టీమీటర్ లేకపోయినా ఎలాగోలా నెట్టుకురావచ్చు గానీ, ఈ పాట లేకపోతే కష్టం. ఎందుకో కాస్త కిందికి వచ్చాక చెప్తాను.

స్పీకర్లు సెకండ్ హ్యాండ్‌లో కొనడం తెలివైన పనేనా అని అడిగేవాళ్లకు నా జవాబు: ఆంప్ (స్పీకర్లకు శక్తినిచ్చే ఆంప్లిఫయర్), ప్లేయర్ సంగతేమో గానీ స్పీకర్లు మాత్రం అవును. మామూలు పాసివ్ స్పీకర్‌లో, అంటే ఆంప్ లోపల లేనిదాంట్లో, ఉండేది చాలా తక్కువ. ఒక చెక్క డబ్బా, కింది స్వరాలు (బాస్) పలికే ఒక వూఫర్, పై స్వరాలు (ట్రెబుల్) పలికే ఒక ట్వీటర్ (ఈ రెంటినీ డ్రైవర్లంటారు), వాటికి శబ్దాన్ని పంచిపెట్టే క్రాసోవర్ అనే చిన్న బోర్డు, అంతే. సాఫ్ట్‌వేర్ లేదు, అప్‌డేట్ గొడవ లేదు. బాగా చూసుకున్న జత ఇరవై ఏళ్లయినా పాడుతుంది. ధర మాత్రం షోరూమ్ గడప దాటగానే పడిపోతుంది. పైగా కంపెనీ కొత్త మోడల్ తెచ్చిన ప్రతిసారీ పాత మోడల్‌ని అమ్మేసేవాళ్లు బయల్దేరతారు. ఇంగ్లండ్ కంపెనీ కెఫ్ 1961లో పుట్టింది. యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 2012లో ఎల్‌ఎస్50 అనే చిన్న స్పీకర్ తెచ్చింది. 2020లో దానికే మెటా అని మెరుగుపరిచిన మోడల్ వచ్చేసరికి మొదటిది అమ్మకాల పేజీల్లోకి దిగింది. మనలాంటి వాళ్లకు కావలసింది అలాంటి సందర్భాలే.

అయితే ఇక్కడ కొనేది బ్రాండు కాదు, జత. రెండు డబ్బాలూ కవలల్లా ఉంటేనే అది స్టీరియో. ఒకటి బాగుండి, రెండోది ఓ మాదిరిగా ఉంటే మీరు కొన్నది ఒకటిన్నర స్పీకరే. కింద చెప్పే పరీక్షలన్నీ ఈ ఒక్క సంగతి తేల్చుకోవడానికే.

1. ముందు టేపు పట్టుకుని గది కొలవండి

నా మొదటి జత నేను కళ్లతో కొన్నాను. మూడున్నర అడుగుల టవర్లు, రోజ్‌వుడ్ రంగు, ఒక్కోదాంట్లో రెండు వూఫర్లు. అమ్మినాయన హాలు పెద్దది, అక్కడ అద్భుతంగా పాడాయి. మా ఇంట్లో పదడుగుల గదిలో పెట్టగానే మృదంగం కాస్తా డప్పయింది. ప్రతి పాట కిందా ఒకటే బూమ్. స్పీకర్ల తప్పేం లేదు, గది తప్పూ కాదు. కొలవకుండా కొన్న నాదే తప్పు. ఎనిమిది నెలలు భరించి, ఏడు వేలు నష్టానికి అమ్మేశాను.

లెక్క సులభం. 565ని గది పొడవుతో (అడుగుల్లో) భాగించండి. 12 అడుగులైతే సుమారు 47 హెర్ట్జ్ వస్తుంది. ఆ స్వరం దగ్గర గోడకూ గోడకూ మధ్య శబ్దం ఊయలూగి బాస్ ఉబ్బుతుంది. వెడల్పుకీ ఎత్తుకీ ఇదే లెక్క. మన అపార్ట్‌మెంట్లలో బెడ్‌రూమ్ వెడల్పు పదడుగులుంటే సీలింగ్ ఎత్తూ దాదాపు పదడుగులే ఉంటుంది. అంటే 56 హెర్ట్జ్ దగ్గర రెండు ఉబ్బులూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. అలాంటి గదిలోకి 35 హెర్ట్జ్ దాకా దిగే పెద్ద టవర్ తెస్తే డబ్బిచ్చి బూమ్ కొనుక్కున్నట్టే.

అందుకని 10×12 గదికి ఐదు నుంచి ఆరున్నర అంగుళాల వూఫర్ ఉన్న బుక్‌షెల్ఫ్ (స్టాండు మీద పెట్టే చిన్న స్పీకర్) చాలు. 14×18 హాలయితే టవర్ల గురించి ఆలోచించవచ్చు. డబ్బా వెనక గాలి రంధ్రం ఉందో లేదో కూడా చూసుకోండి. ఉంటే గోడకు కనీసం అడుగు, అడుగున్నర దూరం కావాలి. అంత జాగా ఇవ్వలేకపోతే రంధ్రం ముందువైపున్నవో, అసలు రంధ్రమే లేని సీల్డ్ డబ్బాలో వెతకండి.

ఇంకోమాట. మన ఇళ్లలో నేల టైల్స్, గోడలు నున్నటి ప్లాస్టర్, కిటికీకి గాజు. చప్పట్లు కొడితే టంగుమంటుంది. ట్రెబుల్ పదునుగా ఉండే స్పీకర్లు ఇలాంటి గదిలో అరగంటకే చెవులు కొరికేస్తాయి. గదిలో జంపఖానా పరిచి, మందపాటి కర్టెన్ వేసి, పుస్తకాల బీరువా ఒకటి పెట్టే ఉద్దేశం ఉంటే సరే. లేకపోతే మెత్తగా పాడే రకమే ఎంచుకోండి.

2. డబ్బు ఎలా పంచాలి

మొత్తం 60 వేలు అనుకుందాం. దాన్ని తీసుకెళ్లి మొత్తం స్పీకర్ల మీద పోసేస్తే ఆంప్‌కీ స్టాండ్లకీ వైర్లకీ అప్పు చేయాలి. నేనైతే ముప్పై ఐదు వేలు స్పీకర్లకు, పదిహేను వేలు వాడిన మంచి స్టీరియో ఆంప్‌కు, ఐదు వేలు స్టాండ్లకూ వైర్లకూ పెట్టి, మిగతా ఐదు వేలు రిపేరుకని ముట్టుకోకుండా ఉంచుతాను. ఇంట్లో ఆంప్ ఇప్పటికే ఉంటే ఆ పదిహేనూ స్పీకర్ల వైపు మళ్లించండి. ఐదేళ్లు దాటిన జతకు కొత్త ధరలో సగానికి మించి ఇవ్వకూడదన్నది నా పద్ధతి. 'కొత్త ధర' అంటే అమ్మేవాడు నోటితో చెప్పేది కాదు, బిల్లు మీద ఉన్నది.

3. ఏవి వెతకాలి, వేటి జోలికి పోకూడదు

చిన్న గదులకు ఇంగ్లిష్ బుక్‌షెల్ఫ్‌ల వైపు నాకు కాస్త మొగ్గు ఎక్కువ. దానికి కారణం ఉంది. 1970లలో బీబీసీ తన ప్రసార వాహనాల్లో, ఇరుకు గదుల్లో వినడానికి ఎల్‌ఎస్3/5ఏ అనే చిన్న మానిటర్ స్పీకర్ తయారుచేసుకుంది. మనిషి గొంతు సహజంగా ఉందా లేదా అన్నదే దాని అసలు పరీక్ష. హార్బెత్, స్పెండర్, రోజర్స్ లాంటి పేర్లు ఆ ఇంటివే. మన సంగీతంలో సగం పైగా గొంతే కాబట్టి ఇవి మనకు బాగా నప్పుతాయి. అసలు ఎల్‌ఎస్3/5ఏ ఇప్పుడు సేకరణ వస్తువైపోయింది, మన బడ్జెట్‌లో దొరకదు. ఆ వరసలోని తర్వాతి చిన్న మోడల్స్ మాత్రం ఎప్పుడైనా ఒకటి తగులుతుంది.

అంతకంటే తరచుగా కనబడేవి కెఫ్, బీ అండ్ డబ్ల్యూ 600 సిరీస్, మానిటర్ ఆడియో, వార్ఫ్‌డేల్, డైనాడియో. మనదేశంవే కావాలంటే కోల్‌కతా సోనోడైన్ జతలు వాడినవి దొరుకుతాయి. మన టెక్నీషియన్లకు వాటితో పరిచయం ఉండటం ఒక లాభం.

అమెరికా నుంచి తిరిగొచ్చిన మనవాళ్లు సామాన్లతో పాటు తెచ్చుకుని, ఇక్కడి ఫ్లాట్‌లో జాగా చాలక అమ్మేసే జతలు హైదరాబాద్‌లో చాలానే కనబడతాయి. పాసివ్ స్పీకర్లయితే నిశ్చింతగా కొనొచ్చు, వాటికి కరెంటు ప్లగ్గే ఉండదు. సబ్‌వూఫరో, ఆంప్ లోపలే ఉన్న ఆక్టివ్ స్పీకరో అయితే వెనక లేబుల్ చదవండి. 120 వోల్టులని మాత్రమే ఉంటే మన 230లో పెట్టగానే పొగ వస్తుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు ధరలోంచి తీయించుకోండి, లేదా వదిలేయండి.

మొదటిసారి కొనేవాళ్లు దూరంగా ఉండాల్సినవి మూడున్నాయి. ఒకటి, వైర్‌లెస్, యాప్ ఉన్న పాత ఆక్టివ్ స్పీకర్లు. యాప్ పనిచేయడం మానేసినా, లోపలి బోర్డు పోయినా మిగిలేది చెక్క డబ్బానే. రెండు, వూఫర్‌కు బదులు పలచటి పెద్ద పొరతో పాడే ఎలక్ట్రోస్టాటిక్, ప్యానెల్ రకాలు. 1957లో వచ్చిన క్వాడ్ ఈఎస్ఎల్ లాంటివి వింటే మతిపోయే మాట నిజమే గానీ, దుమ్మూ తేమా వాటికి శత్రువులు, రిపేరు చేసేవాడు మన పక్క వీధిలో ఉండడు. మూడు, 'డ్రైవర్లు మార్చాం సార్, ఇప్పుడు ఇంకా బాగా కొడుతోంది' అని అమ్మే జతలు.

4. మీ ఆంప్ వాటిని మోయగలదా?

రెండు అంకెలు చూడండి. మొదటిది సెన్సిటివిటీ. 85 డీబీ స్పీకర్ అంటే ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 85 డెసిబెల్స్ పలుకుతుందని. 3 డీబీ పెరగాలంటే ఆంప్ రెట్టింపు వాట్లు ఇవ్వాలి. అంటే 88 డీబీ స్పీకర్ 25 వాట్లతో చేసే పనికి 85 డీబీది 50 వాట్లు అడుగుతుంది. భయపడొద్దు. ఎనిమిది అడుగుల దూరంలో కూర్చుని వినేటప్పుడు 85 డీబీ జత అయినా పది వాట్లకే దాదాపు 90 డెసిబెల్స్ దాకా వెళ్తుంది, పక్కింటివాళ్లు తలుపు కొట్టడానికి అది చాలు. మామూలు గదికి నికరంగా 40, 50 వాట్లిచ్చే ఆంప్ ఉంటే సరిపోతుంది.

రెండో అంకె ఇంపిడెన్స్, అంటే ఆంప్ పంపే కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు. దీంట్లో ఒక కిటుకుంది. చాలా కంపెనీలు సెన్సిటివిటీని '2.83 వోల్టులకు' అని రాస్తాయి. 8 ఓమ్‌ల స్పీకర్‌కు అది ఒక వాటే. 4 ఓమ్‌లదానికి రెండు వాట్లు. కాబట్టి 4 ఓమ్‌ల స్పీకర్ కాగితం మీద 3 డీబీ ఎక్కువ చూపించుకుంటుంది. డైనాడియో వాటిల్లో 4 ఓమ్‌లవి చాలా ఉంటాయి. చవక హోమ్ థియేటర్ రిసీవర్లు వాటి దగ్గర వేడెక్కి ఆగిపోతాయి. మీ ఆంప్ వెనక '4 ఓమ్‌లకు పనికొస్తుంది' అని రాసి ఉంటేనే వాటి వైపు వెళ్లండి.

5. బయల్దేరే ముందు ఫోన్లోనే సగం తేల్చుకోండి

ఫొటోలు పంపమని అడగండి. గ్రిల్ (ముందుండే గుడ్డ జాలీ) తీసి ముందువైపు, వెనక టెర్మినళ్లు (వైర్లు తగిలించే చోట్లు), సీరియల్ నంబర్లు, అడుగు భాగం. గ్రిల్ తీయనివాళ్లతో మాటలు పొడిగించకండి. ఇక అడగాల్సినవి ఇవి: ఎన్నేళ్లుగా మీ దగ్గరున్నాయండీ? మీరే కొత్తవి కొన్నారా? ఏ ఆంప్‌తో వాడారు? ఏదైనా డ్రైవర్ మార్చారా? పార్టీలకు వాడారా? అసలు ప్యాకింగ్ డబ్బాలు, బిల్లు ఉన్నాయా? చివరగా, ఎందుకు అమ్ముతున్నారు? 'ఇంట్లోవాళ్లు జాగా లేదంటున్నారు' అన్నది ప్రపంచమంతటా వినబడే నిజాయితీ అయిన కారణం.

సీరియల్ నంబర్లు వరసగా ఉంటే, లేదా ఒకే నంబరుకు ఎడమ, కుడి అని గుర్తులుంటే అవి పుట్టుకతోనే జత. వేలల్లో తేడా ఉంటే రెండు విరిగిన జతల్లోంచి ఒక జత తయారైందేమో అడగండి.

చూడకముందే అడ్వాన్స్ పంపొద్దు. 'ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, క్యూఆర్ స్కాన్ చేయండి' అనే కథ వినగానే ఫోన్ పెట్టేయండి.

6. అక్కడికెళ్లాక: ముందు చేతులు, కళ్లు

వెంట తీసుకెళ్లాల్సినవి: టార్చ్, మల్టీమీటర్, ఒకటిన్నర వోల్టుల ఏఏ బ్యాటరీ, రెండు ముక్కల వైరు, వీలైతే మీ ఆంప్. పగటిపూట వెళ్లండి. సాయంత్రం డ్రాయింగ్ రూమ్ పసుపు లైటు కింద ఏ స్పీకరైనా పెళ్లికూతురే.

మొదట వూఫర్ కోన్ చుట్టూ ఉన్న రింగు చూడండి, సరౌండ్ అంటారు దాన్ని. రబ్బరుదైతే నల్లగా, కాస్త నున్నగా ఉంటుంది, దశాబ్దాలు నిలుస్తుంది. ఫోమ్‌దైతే స్పాంజ్‌లా చిన్న చిన్న రంధ్రాలు కనబడతాయి. 1970, 80లలో వచ్చిన అమెరికన్ స్పీకర్లలో చాలావాటికి ఫోమే. గాలిలో తేమకు అది పదిహేను, ఇరవై ఏళ్లలో తనంతట తానే కుళ్లిపోతుంది. వాడకుండా బీరువాలో దాచినా అంతే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఊళ్లలో ఇంకా త్వరగా పోతుంది. వేలి కొసతో సున్నితంగా తాకండి. జిగటగా అంటినా, పొడి రాలినా దానికి కాలం చెల్లినట్టే.

అంతమాత్రాన బేరం వదులుకోనక్కర్లేదు. ఫోమ్ రింగు మార్చడం తెలిసిన రిపేరే. సరిగ్గా అదే సైజు, అదే మెత్తదనం ఉన్న రింగు తెప్పించి, వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) నట్టనడుమ ఉండేలా చూసి అతికించాలి. రెండు డబ్బాలకూ ఒకేసారి చేయించాలి, ఒకదానికి చేయిస్తే జత చెడుతుంది. డీజే బాక్సులకు కోన్‌లు వేసే చోట చేతికందిన గట్టి రింగు అతికిస్తే మాత్రం బాస్ బిగుసుకుపోతుంది. అలా ఒకసారి అతికించిన జతను నేను కొనను.

తర్వాత కోన్ మీద రెండు చేతుల వేళ్లు ఎదురెదురుగా ఆనించి, ఒకే ఒత్తిడితో మెల్లగా లోపలికి నొక్కి వదలండి. పట్టులా జారాలి. గరగరమని రాపిడి వినబడితే వాయిస్ కాయిల్ పక్కకు జరిగింది, లేదా కాలింది. అక్కడితో ఆ జతకు నమస్కారం. ట్వీటర్‌ను మాత్రం ముట్టుకోవద్దు, చూడటమే. పిల్లలున్న ఇంటి స్పీకర్లలో ట్వీటర్ డోమ్ (మధ్యలోని గుండ్రటి బుడిపె) నొక్కుకుపోయి ఉండటం మామూలు. మెత్తటి గుడ్డ డోమ్‌కు చిన్న సొట్ట పడితే పెద్ద నష్టం లేకపోవచ్చు గానీ, లోహపు డోమ్‌కు పడితే ధ్వని మారుతుంది. వూఫర్ మధ్యలో ఉన్న టోపీ నొక్కుకుపోవడం చూడటానికి అసహ్యమే తప్ప చాలాసార్లు పాటకు అడ్డం రాదు. బేరానికి పనికొస్తుంది.

స్క్రూలు చూడండి. తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారు. ఎందుకు విప్పారో అడగండి. రెండు డబ్బాల్లోనూ డ్రైవర్ల రంగు, కోన్ ఉపరితలం, స్క్రూలు అచ్చు ఒకేలా ఉండాలి.

డబ్బాను బోర్లించి అడుగు చూడటం చాలామంది మర్చిపోతారు. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు (చెక్క పొడి అదిమి చేసే పలకలు) నీళ్లు తాగితే అంచులు బన్నులా ఉబ్బుతాయి, మళ్లీ తగ్గవు. అడుగున సన్నటి మట్టి గీతలు కనబడితే అవి చెదలు. అవి మీ ఇంట్లో పాకితే స్పీకర్లు పోవడం తర్వాత సంగతి, మీ తలుపు చట్రాలు ముందు పోవచ్చు. గాలి రంధ్రంలోకి టార్చ్ వేసి కూడా చూడండి. నాకు ఒకసారి అందులో ఎండిపోయిన బల్లి, రెండు క్రేయాన్లు దొరికాయి. స్పీకర్లు బాగానే ఉన్నాయి, కొన్నాను.

ఇప్పుడు మీటర్. ఆంప్ వైర్లు పీకేసి టెర్మినళ్ల మధ్య ఓమ్‌లు కొలవండి. 8 ఓమ్‌ల స్పీకర్ 5.5 నుంచి 7 దాకా, 4 ఓమ్‌లది 3 నుంచి 4 దాకా చూపిస్తుంది. మీటరు డీసీతో (ఒకే దిశలో పారే కరెంటుతో) కొలుస్తుంది కాబట్టి తగ్గడం సహజం. అసలు అంకె కంటే రెండు డబ్బాలూ దాదాపు ఒకే అంకె చూపడం ముఖ్యం. వెనక నాలుగు టెర్మినళ్లుండి, మధ్య పట్టీలు తీసేసి పైజత కొలిస్తే మీటరు ఏమీ చూపించకపోవచ్చు. ట్వీటర్ పోయిందని టెన్షన్ పడకండి, దారిలో కెపాసిటర్ ఉంటుంది, డీసీని అది పోనివ్వదు. ట్వీటర్ బతికుందో లేదో చెవే చెప్పాలి. కొలవడం అయ్యాక పట్టీలు తిరిగి బిగించడం మర్చిపోవద్దు.

బ్యాటరీ ప్లస్‌ను స్పీకర్ ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు ఒక్క క్షణం తాకించండి. వూఫర్ బయటికి కదులుతుంది. పాత జేబీఎల్ యూనిట్లలో లోపలికే వెళ్తుంది, అది వాళ్ల అలవాటు. ఏ వైపైనా సరే, రెండూ ఒకే వైపు కదలాలి. ఒకటి బయటికి, ఒకటి లోపలికి వెళ్తే ఎవరో లోపల వైర్లు తిరగేశారు.

7. ఇప్పుడు ఘంటసాల

1970ల దాకా మన సినిమా పాటలు దాదాపు అన్నీ మోనోవే. అంటే రెండు స్పీకర్లకూ వెళ్లేది అక్షరం తేడా లేని ఒకే సంకేతం. స్పీకర్లు నిజంగా కవలలైతే, వాటికి సమాన దూరంలో కూర్చున్న మీకు గొంతు ఎడమ నుంచీ రాదు, కుడి నుంచీ రాదు. రెండింటి నడుమ, ఏమీ లేని గాలిలో, ఒక మనిషి నిలబడి పాడుతున్నట్టుంటుంది. అప్పుడు కళ్లు మూసుకుని చేయి చాపితే వేలు ఆయన మీదికే వెళ్లాలి.

గొంతు ఒక పక్కకు ఒరిగితే ఒక స్పీకర్ బలహీనంగా ఉంది. పల్లవిలో మధ్యలో ఉండి, పైస్థాయి అందుకోగానే పక్కకు జారితే ఒక ట్వీటర్ నీరసించిందనో, క్రాసోవర్‌లో కెపాసిటర్ ఎండిందనో అర్థం. పాతికేళ్లు దాటిన స్పీకర్లలో ఇది తరచు కనబడేదే. గొంతు ఎక్కడుందో తెలియకుండా గదంతా పరుచుకుని, బాస్ పల్చబడితే ఒకదాని ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. తేడా కనబడితే ఎడమ డబ్బాను కుడికీ, కుడిదాన్ని ఎడమకూ మార్చి మళ్లీ వినండి. ఒరుగు డబ్బాతో పాటు మారితే లోపం డబ్బాది. మారకుండా అదే పక్క ఉంటే గదిదో, ఆంప్‌దో. పది నిమిషాల పనే ఇది. అమ్మేవాళ్లు నవ్వినా చేయండి.

ఆ తర్వాత చెవిని ట్వీటర్‌కు జానెడు దూరంలో పెట్టి, చిన్న శబ్దంలో ఒక్కోటీ వినండి. తాళాల మోగింపు రెండింట్లోనూ ఒకేలా ఉందా? ఫోన్లో టోన్ జనరేటర్ యాప్ వేసుకుని, శబ్దం తగ్గించి, 200 హెర్ట్జ్ నుంచి 40 దాకా మెల్లగా దించండి. ఏదో ఒక చోట బర్రుమంటే డబ్బా జాయింట్ వదిలిందో, కాయిల్ రాసుకుంటోందో. పక్కనున్న గాజు బీరువా కూడా అలాగే మోగుతుంది, దాని మీద చేయి పెట్టి నిర్ధారించుకుని మరీ నింద వేయండి.

చివరికి మీకు బాగా తెలిసిన నాలుగైదు రికార్డింగులు వినండి. వీణ ఒకటి ఉంటే మంచిది. మీటు పడ్డ క్షణం, తర్వాతి గమకం, తీగ కంపన ఆగే చివర, మూడూ విడివిడిగా తెలియాలి. నాదస్వరం గట్టిగా పెట్టినప్పుడు చెవి ముడుచుకుంటోందా చూడండి. బాలు గొంతులో ఊపిరి తీసుకోవడం వినబడాలి, కానీ స, ష అక్షరాలు పాములా బుసకొట్టకూడదు. అమ్మేవాళ్లు పెట్టే డెమో పాటలతో తీర్పు చెప్పొద్దు, అవి ఏ స్పీకర్‌లోనైనా బాగుంటాయి. తక్కువ శబ్దంలో కూడా వినండి. రాత్రి పదింటికి మీరు వినేది అలాగే కదా.

8. బేరం, రవాణా

చూసిన లోపాలు నోట్ చేసుకుని, ఒక్కొక్కటీ శాంతంగా చెప్పి, చివర ఒక్క అంకె చెప్పండి. 'సార్, ఫోమ్ రింగులు మార్పించాలి, గ్రిల్ ఒకటి విరిగింది, ఇరవై ఎనిమిది ఇవ్వగలను.' వస్తువును చులకన చేసి మాట్లాడితే బేరం చెడుతుంది. ఇరవై ఏళ్లు ప్రేమగా చూసుకున్నవాళ్లు ఐదు వేలు తక్కువైనా సంగీతం వినేవాళ్లకే ఇస్తారు.

సొంత కారులో తెచ్చుకోవడమే మేలు. వెనక సీటు మీద దుప్పటి, రెండు డబ్బాల మధ్య దిండు. వేరే ఊరి నుంచి పార్శిల్‌లో రప్పించాల్సి వస్తే అసలు కార్టన్, దాని బయట ఇంకో కార్టన్, మధ్య థర్మకోల్, కింద స్పైకులు ఉంటే తీసి విడిగా. వూఫర్ వెనక అయస్కాంతం బరువుగా ఉంటుంది, డబ్బా ఎత్తు నుంచి పడితే బయట గీత కూడా పడకుండా లోపల అయస్కాంతం జరిగిపోతుంది. అందుకే ప్యాక్ చేసే ముందు రెండూ పాడుతున్న వీడియో ఒకటి తీయించుకోండి.

9. ఇంటికొచ్చాక

వైర్ల మీద డబ్బు తగలేయకండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి ఫ్లెక్సిబుల్ వైరు, ఎలక్ట్రికల్ షాపులో మీటరు లెక్కన అమ్మేదే, ఐదారు మీటర్ల దూరానికి నిక్షేపంగా సరిపోతుంది. రెండు పక్కలా ఒకే పొడవు తీసుకోండి.

స్టాండ్లు వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. చదరపు ఇనుప గొట్టం, పైనా కిందా పలకలు, గొట్టంలో ఎండు ఇసుక. ఎత్తు ఎంతంటే, మీరు కూర్చున్నప్పుడు ట్వీటర్ మీ చెవి ఎత్తుకు రావాలి. కుర్చీకి, దివాన్‌కు, నేల మీద పరుపుకు ఈ కొలత మారుతుంది, కాబట్టి మీరు కూర్చునే చోట కొలిచి ఇవ్వండి. టవర్లయితే కింద కడప రాయి పలక వేయించండి. మార్బుల్ షాపులో మిగిలిన ముక్కలు చవగ్గా ఇస్తారు, నునుపు పట్టించి అంచులు కూడా కొట్టిస్తారు.

రెండు స్పీకర్ల మధ్య దూరం ఎంతో, ఒక్కోదాని నుంచి మీ తలకు అంత దూరం ఉండేలా మొదట అమర్చండి. మీ కుర్చీ మాత్రం వెనక గోడకు ఆనించొద్దు, అక్కడ బాస్ ఉబ్బి ఉంటుంది. తర్వాత మళ్లీ ఘంటసాలను పెట్టి, డబ్బాలను అంగుళం అంగుళం జరుపుతూ, లోపలికి కాస్త తిప్పుతూ పోండి. ఒకచోట గొంతు చటుక్కున కుదురుకుంటుంది. అక్కడ నేల మీద టేపు ముక్కలు అంటించేయండి, ఇల్లు ఊడ్చేవాళ్లు రోజూ జరుపుతారు.

మొదటి వారం రోజూ ఓ గంటైనా వినండి. ఏదైనా లోపం పైకొస్తే ఈ వారంలోనే వస్తుంది, అమ్మినవాళ్లతో మాట్లాడటానికీ అప్పుడే వీలు. గ్రిల్ తీసి వింటే ట్రెబుల్ కాస్త తేటగా ఉంటుంది. ఇంట్లో మూడేళ్ల పిల్లలుంటే మాత్రం గ్రిల్ పెట్టే వినండి.